రైలు తప్పించుకుపోయిన ఊరు: కాన్సాస్ మైదానంలో నికోడెమస్

2020 నాటి అమెరికా జనగణనలో నికోడెమస్ జనాభా 14 మంది. బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతివారు స్థాపించిన ఈ ఊరు కాన్సాస్ రాష్ట్రపు వాయవ్య భాగంలో, గ్రాహం కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది), యూఎస్ 24 రహదారి పక్కన ఉంది. కాన్సాస్ సిటీ శివార్లలోని ఓవర్‌ల్యాండ్ పార్క్, ఒలేతా లాంటి చోట్ల తెలుగు కుటుంబాలు చాలానే ఉంటున్నాయి. అక్కడి నుంచి పడమరగా కారులో నాలుగైదు గంటలు వెళితే ఈ ఊరు వస్తుంది. ఆ వైపు పోయేకొద్దీ చెట్లు తగ్గిపోతాయి, గోధుమ చేలు, జొన్న చేలు, పశువులు మేసే బీళ్లు మిగులుతాయి. నికోడెమస్‌లో పోస్టాఫీసు 1953లో మూతపడింది. తర్వాత బడి కూడా మూతపడింది. మేయర్ లేడు, కౌన్సిల్ లేదు.

ఈ మైదానాల్లో ఇలాంటి ఊళ్లు వందలకొద్దీ పుట్టాయి, వందలకొద్దీ పోయాయి. చాలావాటికి ఇప్పుడు మిగిలింది ఒక శ్మశానం, పాత మ్యాపులో ఒక పేరు, అంతే. నికోడెమస్ మాత్రం పోలేదు. 1996లో అమెరికా ప్రభుత్వం దీన్ని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించింది. పోవడానికి అన్ని కారణాలూ ఉన్న ఊరు ఎందుకు పోలేదన్నది ఆలోచించాల్సిన విషయం.

ముందు ఊరి హోదా సంగతి చూడాలి. అమెరికాలో ఒక చోట నలుగురు ఇళ్లు కట్టుకున్నంత మాత్రాన చట్టం దాన్ని పట్టణంగా గుర్తించదు. రాష్ట్ర చట్టం ప్రకారం దరఖాస్తు పెట్టుకుని, సొంత పాలకమండలిని ఏర్పాటు చేసుకుంటేనే అది ఇన్‌కార్పొరేటెడ్ సిటీ అవుతుంది. అలా కానివన్నీ అన్‌ఇన్‌కార్పొరేటెడ్ కమ్యూనిటీలు. సొంత పంచాయతీ లేని శివారు పల్లె లాంటివని అనుకోవచ్చు. అక్కడ శాంతిభద్రతలు చూసేది కౌంటీ షరీఫ్. పిల్లల చదువు ఆ ప్రాంతపు స్కూల్ డిస్ట్రిక్ట్ చేతిలో ఉంటుంది. రోడ్ల పని కౌంటీ, టౌన్‌షిప్ చూసుకుంటాయి. టౌన్‌షిప్ అంటే ఊరికీ కౌంటీకీ మధ్య ఉండే చిన్న పాలనా భాగం. కాన్సాస్‌లో దానికి ఎన్నికైన ట్రస్టీ, క్లర్కు, కోశాధికారి ఉంటారు. జనగణన శాఖ లెక్క కోసం ఇలాంటి ఊళ్ల చుట్టూ ఒక గీత గీస్తుంది. ఆ గీత లోపల ఎంతమంది ఉన్నారో చెబుతుంది గానీ, ఆ గీతకు అధికారం ఏమీ ఉండదు.

ఈ వివరం పొడిగా కనిపించవచ్చు. నికోడెమస్ కథ మాత్రం చాలావరకు ఇక్కడే ఉంది. ఈ ఊరి తలరాత మార్చిన నిర్ణయాలు దాదాపు ప్రతిసారీ ఇంకెక్కడో, ఇంకెవరి ఆఫీసులోనో జరిగాయి.

ఊరు పుట్టింది 1877లో. బానిసత్వం విషయమై ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధం ముగిసి పన్నెండేళ్లు. బానిసత్వం చట్టప్రకారం పోయింది గానీ దక్షిణాది నల్లజాతి రైతుకు సొంత భూమి దక్కలేదు. ఎక్కువమంది పాత యజమానుల పొలాల్లోనే పంటలో వాటా ఇచ్చే కౌలుదారులుగా మిగిలిపోయారు. విత్తనాలకు అప్పు, తిండికి అప్పు. పంట చేతికొచ్చాక లెక్క రాసేది యజమానే. దక్షిణాది రాష్ట్రాల్లో వాళ్లకు అండగా ఉన్న కేంద్ర సైన్యాలు కూడా సరిగ్గా ఆ 1877లోనే పక్కకు తప్పుకున్నాయి. అప్పటిదాకా ఓటు వేసినవాళ్లకు, బడి పెట్టుకున్నవాళ్లకు ఇక భద్రత లేదని తేలిపోయింది.

మరోవైపు 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ఉంది. కొద్దిపాటి రుసుము కట్టి, ప్రభుత్వ భూమిలో ఐదేళ్లు నివాసముండి సాగు చేస్తే 160 ఎకరాలకు పట్టా వస్తుంది. ఆ చట్టంలో రంగు గురించిన నిషేధం లేదు. బానిసత్వానికి వ్యతిరేకంగా పోరాడి ఏర్పడిన రాష్ట్రంగా కాన్సాస్‌కు నల్లవారిలో మంచి పేరుంది. ఈ రెండిటినీ కలిపి చూసినవాళ్లు నికోడెమస్ టౌన్ కంపెనీ పెట్టారు. దాని అధ్యక్షుడు డబ్ల్యూ. హెచ్. స్మిత్ నల్లజాతివాడు. ఇండియానా నుంచి వచ్చిన తెల్ల భూవ్యాపారి డబ్ల్యూ. ఆర్. హిల్ అందులో ముఖ్య భాగస్వామి. సైమన్ రౌండ్‌ట్రీ అనే పాస్టర్ మొదటగా వచ్చి స్థిరపడ్డవారిలో ఒకరు. కెంటకీలోని లెక్సింగ్టన్ చుట్టుపక్కల కరపత్రాలు పంచారు. 1877 సెప్టెంబర్ 5న కాన్సాస్‌కు వెళ్లదలచిన నల్లవారు 5 డాలర్లు కట్టి వెళ్లవచ్చని అందులో రాసి ఉంది.

ఆ సెప్టెంబర్‌లో 300 మందికి పైగా కెంటకీ నుంచి రైలెక్కారు. రైలు వాళ్లను ఎల్లిస్ అనే చోట దింపింది. అక్కడి నుంచి నికోడెమస్ సుమారు 35 మైళ్లు. పిల్లాపాపలతో రెండు రోజులు నడిచారు. తీరా వచ్చాక చూస్తే ఇళ్లు లేవు. చెట్లే లేవు, ఇక కలప ఎక్కడిది? ముందొచ్చినవాళ్లు నేలలో, ఏటి గట్టులో గుంతలు తవ్వుకుని, పైన కప్పు వేసుకుని ఉంటున్నారు. 1878 వసంతంలో వచ్చిన విలియానా హిక్‌మన్ తర్వాత చెప్పుకున్న జ్ఞాపకం ఈ ఊరి చరిత్రలో అందరికీ తెలిసింది. నికోడెమస్ ఏదని అడిగితే, నేలలోంచి లేస్తున్న పొగలను చూపించి అదే అన్నారట. ఆమె ఏడ్చేసింది. పదుల సంఖ్యలో కుటుంబాలు వెంటనే వెనక్కి తిరిగాయి. మోసపోయామన్న కోపం హిల్ మీదకు మళ్లింది. ఆ కోపంలో అన్యాయం ఏమీ లేదు. ఇదే హిల్ పక్కనే ఇంకో ఊరు కూడా వేశాడు. అతని పేరు మీదే ఉన్న ఆ హిల్ సిటీ ఇప్పుడు గ్రాహం కౌంటీ కేంద్రం.

ఉండిపోయినవాళ్లు మొదటి చలికాలం ఎలా గడిపారన్నది చూస్తే ఊరి స్వభావం అర్థమవుతుంది. వాళ్లు వచ్చేసరికే నాట్ల కాలం దాటిపోయింది. నాగళ్లు, గుర్రాలు చాలా కొద్ది. పొయ్యిలోకి ఎండిన పేడ, పొద్దుతిరుగుడు కాడలు వాడారు. మైదానంలో చెల్లాచెదురుగా పడి ఉన్న బైసన్ (అడవిదున్న లాంటి జంతువు) ఎముకలను ఏరి అమ్ముకున్నారు. మగవాళ్లు పని కోసం రైలు మార్గం ఉన్న ఊళ్లకు నడిచి వెళ్లారు. ఆడవాళ్లు పారలతో నేల తవ్వారు. వేట నుంచి తిరిగి వెళుతున్న ఓసేజ్ అనే మూలవాసీ తెగవాళ్లు తమ మాంసంలో కొంత ఇచ్చి ఆదుకున్నారని ఊరివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటారు. అసలు ఆ మైదానం మూలవాసుల నుంచి లాక్కున్నదేనన్న నిజాన్ని ఈ కథ పక్కన పెట్టుకుని చదవాలి. ఒకరి భూమి పోగొట్టిన ప్రభుత్వమే, భూమి ఏనాడూ దక్కనివారికి దాన్ని పంచింది. ఆ ఇద్దరూ ఆకలి చలికాలంలో ఒకరికొకరు ఎదురుపడ్డారు.

జాకరీ ఫ్లెచర్, ఆయన భార్య జెన్నీ 1877 వేసవిలోనే వచ్చారు. జాకరీ పోస్టుమాస్టర్ అయ్యాడు, తర్వాత సెయింట్ ఫ్రాన్సిస్ హోటల్ నడిపాడు. జెన్నీ తమ ఇంట్లోనే పిల్లలకు చదువు చెప్పింది. ఇల్లంటే నేలలో తవ్విన గుంతే. అందులో బడి. చదువు నేర్పితే శిక్ష పడే రాష్ట్రాలు పదిహేనేళ్ల కిందటి దాకా ఉన్న దేశంలో, పంట రాకముందే బడి పెట్టారంటే వాళ్లకు ఏది ముందో తెలిసిపోతుంది. పాలకమండలి లేకపోయినా ఊరు ఊరుగా నిలబడింది ఈ పనుల వల్లే.

1880 నాటికి ఊళ్లోనూ చుట్టుపక్కల టౌన్‌షిప్‌లోనూ కలిపి 258 మంది నల్లవారు, 58 మంది తెల్లవారు ఉన్నారు. ఆ రెండో సంఖ్య గమనించదగింది. నల్లవారు స్థాపించిన ఊళ్లో తెల్ల వ్యాపారులు దుకాణాలు పెట్టారు, పక్క పొలాలు సాగు చేసుకున్నారు. రాజకీయంగా కూడా ఆ దశకంలో ఊరు ఎత్తుకు చేరింది. 1878లో వచ్చిన ఎడ్వర్డ్ మెక్‌కేబ్ మొదట కౌంటీ క్లర్కు అయ్యాడు. 1882లో రాష్ట్ర ఆడిటర్‌గా గెలిచాడు, 1884లో మళ్లీ గెలిచాడు. కాన్సాస్‌లో రాష్ట్రస్థాయి పదవికి ఎన్నికైన మొదటి నల్లజాతి వ్యక్తి ఆయనే. గుంతల్లో కాపురాలు పెట్టిన ఐదేళ్లకే ఆ మట్టిలోంచి రాష్ట్ర ఖజానా లెక్కలు చూసేవాడు వచ్చాడు.

1886లో వెస్టర్న్ సైక్లోన్, 1887లో నికోడెమస్ ఎంటర్‌ప్రైజ్ అనే రెండు వార్తాపత్రికలు మొదలయ్యాయి. దుకాణాలు, హోటళ్లు, బ్యాంకు, చర్చిలు ఉన్నాయి. సున్నపురాయితో గట్టి కట్టడాలు లేచాయి. ఇక ఊరికి కావలసింది రైలు ఒక్కటే.

ఆ కాలంలో మైదానంలో రైలు అంటే ఏమిటో కాస్త వివరంగా చెప్పుకోవాలి. గోధుమ బరువైన సరుకు. గుర్రపు బండిలో ఒక రోజులో పోయి వచ్చే దూరం దాటితే రవాణా ఖర్చే లాభం తినేస్తుంది. స్టేషన్ ఉన్నచోట ధాన్యం కొనేవాళ్లు ఉంటారు, కలప వస్తుంది, బొగ్గు వస్తుంది, ఉత్తరాలు వస్తాయి, కొత్త మనుషులు దిగుతారు. ఈ సంగతి రైల్వే కంపెనీలకూ తెలుసు. అందుకే పట్టాలు వేసేముందు ఊళ్లను బాండ్లు అడిగేవి. ప్రజలు ఓటు వేసి అప్పు తలకెత్తుకుని, ఆ డబ్బు కంపెనీకి ఇవ్వాలి. ఇచ్చే స్తోమత లేని ఊరు వెనకబడుతుంది.

నికోడెమస్ టౌన్‌షిప్ 1887లో మిస్సోరి పసిఫిక్ కంపెనీకి 16,000 డాలర్ల బాండ్లు ఇవ్వడానికి ఓటు వేసింది. పట్టుమని పదేళ్లు నిండని ఊరికి అది చాలా పెద్ద అప్పు. అయినా ఆ రైలు రాలేదు. యూనియన్ పసిఫిక్ 1888లో పట్టాలు వేసింది గానీ, సాలమన్ నదికి దక్షిణపు ఒడ్డున, ఐదారు మైళ్ల దూరంలో వేసింది. అక్కడ పనివాళ్ల క్యాంపు ఉన్నచోటే బోగ్ అనే ఊరు వెలిసింది. వ్యాపారులు సామాను సర్దుకుని నది దాటారు. కొందరైతే దుకాణపు కట్టడాలనే కదిలించి తీసుకుపోయారు. వార్తాపత్రికలు 1888 దాటి నిలవలేదు.

నల్లవారి ఊరు కాబట్టే రైలు తప్పించుకుపోయిందా అన్న ప్రశ్న సహజంగా వస్తుంది. ఆ పదేళ్లలో రైలు తప్పిపోయి చచ్చిన తెల్లవాళ్ల ఊళ్లు మైదానం నిండా ఉన్నాయి. కాబట్టి దాన్నొక్కదాన్నే కారణంగా చెప్పడం సరికాదు. కానీ కంపెనీల దగ్గర, రాజధానిలో, బ్యాంకుల్లో మాట చెల్లుబాటయ్యే మనుషులు ఏ ఊరికి ఎక్కువ ఉన్నారో ఆ ఊరికి బేరమాడే బలం ఎక్కువ. బానిసత్వం నుంచి బయటపడి పాతికేళ్లు కాని మనుషులకు ఆ పరిచయాలు, పెట్టుబడి ఎక్కడి నుంచి వస్తాయి? పట్టాలు ఎటు వేయాలన్నది కంపెనీ ఇష్టం. ఊరు చేయగలిగింది ఓటు వేయడమే, అది చేసింది.

దుకాణాలు పోయాక కూడా రైతులు ఉండిపోయారు. ఈ ఊరి చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇదే. దుకాణదారుడికి ఊరంటే గిరాకీ, గిరాకీ ఎటుపోతే అతనూ అటే. పట్టా చేతికొచ్చిన రైతుకు 160 ఎకరాల నేల ఉంది, అది కదలదు. మెక్‌కేబ్ లాంటి నాయకులు ఓక్లహోమా వైపు వెళ్లారు. ఆయన అక్కడ లాంగ్‌స్టన్ అనే ఇంకో నల్లవారి పట్టణం స్థాపించడానికి నడుం కట్టాడు. నికోడెమస్ మాత్రం పట్టణం కావాలన్న ఆశ వదులుకుని, పొలాల మధ్య చర్చి, బడి ఉన్న రైతుల ఊరుగా ఇంకో నలభై ఏళ్లు నడిచింది. 1907లో బాప్టిస్ట్ చర్చికి కొత్త కట్టడం లేచింది, 1918లో బడికి లేచింది. పడిపోతున్న ఊరు కొత్తగా బడి కట్టుకోదు.

దెబ్బ తగిలింది 1930లలో. తడి తూర్పును, పొడి పడమరను వేరు చేసే గీతగా చెప్పుకునే 100వ రేఖాంశానికి దగ్గరగా ఉన్న ఈ ప్రాంతంలో ఏడాదికి 20 అంగుళాలకు కాస్త అటూ ఇటూగా వాన పడుతుంది. మంచి సంవత్సరంలో గోధుమ పండుతుంది, చెడ్డ సంవత్సరంలో ఏమీ రాదు. తడి ఎక్కువగా ఉన్న తూర్పు ప్రాంతాలను దృష్టిలో పెట్టుకుని రాసిన చట్టంలో 160 ఎకరాలు ఒక కుటుంబానికి సరిపోతాయి. ఇక్కడ అవి చాలవు. ఆర్థిక మాంద్యం వల్ల ధరలు పడిపోయాయి. కరువు మీద కరువు వచ్చింది. వేళ్లతో నేలను పట్టి ఉంచిన గడ్డిని మైదానమంతా దున్నేశారు కాబట్టి గాలికి పైమట్టి లేచిపోయింది. 1935 నాటికి ఊళ్లో 76 మంది మిగిలారు. 1950కి 16 మంది.

ఆ మధ్యలోనే, 1939లో, నిరుద్యోగులకు పని కల్పించే ప్రభుత్వ పథకం కింద సున్నపురాయితో టౌన్‌షిప్ హాల్ కట్టారు. ఊరు ఖాళీ అవుతున్న రోజుల్లో కట్టిన ఆ హాలే ఇప్పుడు సందర్శకుల కేంద్రం.

కరువు ఒక్కటే అయితే వాన పడ్డాక జనం తిరిగొచ్చేవాళ్లు. ట్రాక్టరు, కోత మిషను వచ్చాక పదిమంది చేసే పని ఒకడు చేయగలిగాడు. పొలాలు పెద్దవయ్యాయి, మనుషులు తగ్గారు. కాన్సాస్‌లో సగటు కమతం ఇప్పుడు 700 ఎకరాలు దాటింది. గ్రాహం కౌంటీ మొత్తం జనాభా 1910లో ఎనిమిది వేలు దాటింది, 2020లో 2,415. రైలు దక్కించుకున్న బోగ్ ఇన్‌కార్పొరేటెడ్ సిటీయే, అయినా అక్కడ ఇప్పుడు దాదాపు 150 మందే ఉన్నారు. సిటీ హోదా, రైలు ఉన్నంత మాత్రాన మైదానపు ఊరు ఖాళీ కాకుండా ఆగలేదు. ఈ లెక్క చూశాక, 1888లో రైలు వచ్చి ఉంటే నికోడెమస్ ఇప్పుడు పెద్ద పట్టణమై ఉండేదని అనుకోవడానికి ఆధారం లేదు. వంద మందో రెండు వందల మందో ఉండేవారు. ఆ బడి ఇంకొన్నాళ్లు నడిచేది. అది చిన్న విషయమేమీ కాదు.

మరి 14 మంది ఊరు ఎందుకు పోలేదు? ఊరి జనం అంటే ఊళ్లో ఉండేవాళ్లు మాత్రమే అన్న లెక్క నికోడెమస్ విషయంలో చెల్లదు. డెన్వర్, టొపీకా, కాన్సాస్ సిటీ, కాలిఫోర్నియా వైపు వెళ్లిపోయిన కుటుంబాలు ప్రతి ఏటా జూలై చివరి వారాంతంలో తిరిగి వస్తాయి. మొదట్లో ఇది ఆగస్టు 1న జరిపే విముక్తి ఉత్సవం. 1834లో బ్రిటిష్ వెస్టిండీస్‌లో బానిసత్వం రద్దయిన రోజు అది. కాలక్రమంలో అదే ఊరి హోమ్‌కమింగ్ అయింది. వందలమంది వస్తారు. ఊరేగింపు, చర్చి ప్రార్థన, సమాధుల దర్శనం, వంటలు, ఎవరి తాత ఎవరికి ఏమవుతాడన్న మాటలు. మూడు రోజుల తర్వాత మళ్లీ పద్నాలుగు మందే. ఆ మూడు రోజులు ఏటా జరుగుతూ ఉండడం వల్లే మిగతా రోజుల్లో కప్పులు కూలిపోకుండా చూసుకునేవాళ్లు దొరికారు.

1976లో నికోడెమస్‌కు జాతీయ చారిత్రక ల్యాండ్‌మార్క్ గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు వల్ల గౌరవం వస్తుంది గానీ సిబ్బంది, బడ్జెట్ రావు. ఊరి వారసురాలు ఏంజెలా బేట్స్ 1988లో చారిత్రక సంఘం స్థాపించి, పాత ఫోటోలు, కుటుంబాల జ్ఞాపకాలు సేకరించారు. అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ దాకా విషయాన్ని తీసుకెళ్లినవారిలో ఆమె ముఖ్యులు. 1996 నవంబర్‌లో జాతీయ చారిత్రక స్థలమయ్యాక, ఇలాంటి స్థలాలను చూసుకునే ప్రభుత్వ సంస్థ నేషనల్ పార్క్ సర్వీస్ వచ్చింది. ఐదు కట్టడాలు ఆ స్థలంలో భాగం. సెయింట్ ఫ్రాన్సిస్ హోటల్, ఏఎంఈ (ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్) చర్చి, పాత బాప్టిస్ట్ చర్చి, బడి, టౌన్‌షిప్ హాల్. సొంత పాలకమండలి లేని ఊరు వారసుల పట్టుదలతో దేశ చట్టసభ చేత తన పేరు మీద చట్టం చేయించుకుంది.

ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే బాగానే ఉంటుంది, కానీ అది సగమే అవుతుంది. పార్క్ సర్వీస్ గోడలను కాపాడగలదు. ఊరిని నిలబెట్టింది భూమి, దాని లెక్క వేరు. 1920లో అమెరికాలో తొమ్మిది లక్షలకు పైగా నల్లజాతి రైతులు ఉండేవారు. ఇప్పుడు యాభై వేల లోపు. ఈ పతనంలో యంత్రాలు, కరువుల పాత్ర ఉంది. ప్రభుత్వ వ్యవసాయ రుణాల పాత్ర కూడా ఉంది. ఆ రుణాల మీద చాలాకాలం పెత్తనం కౌంటీ స్థాయి కమిటీలది, వాటిలో ఎక్కువమంది తెల్ల రైతులు. నల్ల రైతు దరఖాస్తును తిరస్కరించనక్కర్లేదు, నెలన్నర ఆలస్యం చేస్తే చాలు. విత్తే అదను పోతుంది, ఆ ఏడాది పంట పోతుంది, పాత అప్పు మొండి అవుతుంది, పొలం వేలానికి వస్తుంది. ఈ వివక్ష మీద వేసిన పిగ్‌ఫోర్డ్ కేసు 1999లో పరిష్కారమై, వేలమంది రైతులకు పరిహారం వచ్చింది. చాలామందికి అప్పటికే పొలం లేదు.

నికోడెమస్ చుట్టూ తొలి సెటిలర్ల వారసులు కొందరు ఇంకా భూమి నిలబెట్టుకున్నారు. ఈ ఊళ్లో పుట్టి కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీకి ఆడి, 1954లో గ్రీన్ బే ప్యాకర్స్ అనే వృత్తి జట్టు ఆటగాళ్ల ఎంపికలో మొదటి రౌండ్‌లోనే తీసుకున్న అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు వెరిల్ స్విట్జర్ కుటుంబం అందులో ఒకటి. 1990ల చివర్లో ఇక్కడి రైతులు కాన్సాస్ బ్లాక్ ఫార్మర్స్ అసోసియేషన్‌గా ఏర్పడ్డారు. గోధుమ ధర మీదే ఆధారపడకుండా, ఇథియోపియాలో రోజూ తినే టెఫ్ అనే చిరుధాన్యాన్ని పండించి చూశారు. నీళ్లు తక్కువున్నా తట్టుకునే పంట అది. అమెరికా నగరాల్లోని ఇథియోపియన్ కుటుంబాలు దాన్ని కొంటాయి. చిన్న కమతానికి ఇలాంటి దారి అవసరమే. ఎకరాకు వచ్చే ఆదాయం పెరిగితే తప్ప 160 ఎకరాల వారసుడు పక్కనున్న వేల ఎకరాల ఆసామికి కౌలుకిచ్చి డెన్వర్‌లోనే ఉండిపోతాడు.

కౌలుకిచ్చినా పట్టా కుటుంబం పేరు మీదే ఉంటే తిరిగొచ్చే అవకాశం ఉంటుంది. అమ్మేస్తే ఉండదు. మైదానంలో ఒకసారి పెద్ద కమతంలో కలిసిపోయిన చిన్న పొలం మళ్లీ విడిగా అమ్మకానికి రావడం అరుదు. వచ్చినా ఆ ధర కొత్తగా వ్యవసాయం మొదలుపెట్టే కుర్రాడికి అందదు. 1996 చట్టం కింద ఏటా వచ్చే నిధులు కట్టడాల రాతి గోడలకు, పైకప్పులకు, గైడ్ల జీతాలకు పోతాయి, పోవాల్సిందే కూడా. చుట్టుపక్కల పొలాల్లో తర్వాతి తరం నిలవడానికి వేళకు అందే అప్పు, చిన్న కమతం పంటకు మార్కెట్, కుటుంబ భూమిని అమ్ముకోకుండా పంచుకోవడానికి న్యాయ సలహా కావాలి. అవి వ్యవసాయ శాఖ నుంచి, కౌంటీ ఆఫీసు నుంచి, రాష్ట్ర రాజధాని టొపీకా నుంచి రావాలి. ఆ టేబుళ్ల దగ్గర నికోడెమస్ తరఫున కూర్చునేవాళ్లు 1888లోనూ తక్కువే, ఇప్పుడూ తక్కువే. రైతు సంఘం, చారిత్రక సంఘం, జూలైలో వచ్చే వందలాది వారసులు కలిసి ఆ పని చేయాల్సి వస్తోంది.